కళ్యాణపురం కాగితాలు

మా గోదావరి జిల్లాల్లో పాతకాలం వాళ్ళు యానాన్ని కళ్యాణపురం అనేవాళ్ళు. ఆ మాట విన్న కొత్తవాళ్ళు అక్కడేదో కళ్యాణోత్సవాలకు పేరుబడ్డ గుడి ఉందనుకుంటారు. సంగతి అది కాదు. 1929లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చింది. 1930 ఏప్రిల్ 1 నుంచి 14 ఏళ్ళు నిండని ఆడపిల్లకూ 18 ఏళ్ళు నిండని మగపిల్లవాడికీ పెళ్ళి చేయడం నేరమైంది. యానాం మాత్రం ఫ్రాన్సుది. చుట్టూ తూర్పుగోదావరి జిల్లా, మధ్యలో 30 చదరపు కిలోమీటర్ల ఫ్రాన్సు. చట్టం పొలిమేర దగ్గర ఆగిపోయేది. పెళ్ళివారు మాత్రం పిల్లను ఎత్తుకుని పొలిమేర దాటేవారు.

అలా దాటించిన పిల్లల్లో మా అమ్మమ్మ ఒకతె. అది 1934. ఆమెకు ఎనిమిదేళ్ళు. గౌతమికి ఇవతల, ఎదుర్లంక దగ్గర లంకలో వాళ్ళ ఇల్లు. ఆడపిల్ల పెద్దమనిషి కాకముందే పెళ్ళి చేసెయ్యకపోతే నరకానికి పోతామని నమ్మిన బ్రాహ్మణ కుటుంబం. జైలంటే భయం, నరకమంటే ఇంకా భయం. రెండు భయాలకూ మధ్య గోదావరి ఉంది, అవతలి గట్టున యానాం ఉంది. "పడవలోనే నిద్రపోయానే. లేపి, ఫరాసువాళ్ళ రాజ్యంలోకి వచ్చేశాం అన్నారు. చూద్దును గదా, నేల మా లంక నేల్లాగే ఉంది" అని చెప్పేది. ఫ్రాన్సు గురించి ఆమె చెప్పింది జీవితం మొత్తమ్మీద ఆ ఒక్క ముక్కే. పెళ్ళి ఇష్టమేనా అని నిన్నెవరైనా అడిగారా అని ఓసారి అడిగాను. నేను అడిగినదాంట్లో అర్థం లేనట్టు నా వంక చూసి, బియ్యంలో రాళ్ళేరుకోవడంలో పడిపోయింది.

1938లో శారదా చట్టాన్ని సవరించి, పొలిమేర దాటి చేసే పెళ్ళిళ్ళకూ బ్రిటిష్ ప్రజలు జవాబుదారీ వహించాలన్నారు. అప్పటికి మా అమ్మమ్మ మెడలో తాళి పడి నాలుగేళ్ళు. ఆ చట్టమైనా పెళ్ళి చేసిన పెద్దలను శిక్షించమందే తప్ప, పెళ్ళి చెల్లదనలేదు.

స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్న మూడు మాటల మీద నిలబడ్డానని చెప్పుకునే రిపబ్లిక్కు నేల మీద ఇది జరిగింది. నా పరిశోధన తెలుగు నవలల్లో బాల్యవివాహం మీద. ఆ పని చేస్తున్నన్నాళ్ళూ ఈ వైరుధ్యం నన్ను వదల్లేదు. మానవహక్కుల ప్రకటన పుట్టిన దేశపు జెండా నీడలో, రాజరికపు బ్రిటిష్ ప్రభుత్వం కూడా నేరమన్న పని నిశ్చింతగా ఎలా జరిగిపోయింది? ఫ్రెంచి అధికారులు కళ్ళు మూసుకున్నారని చరిత్ర పుస్తకాలు ఒక వాక్యంలో తేల్చేస్తాయి. కళ్ళు మూసుకోవడం కాదు, అది వాళ్ళ విధానం. 1819 జనవరి 6న పుదుచ్చేరిలో వచ్చిన ఉత్తర్వు ఫ్రెంచిండియాలోని హిందువులకూ ముస్లిములకూ క్రైస్తవులకూ తమ తమ కులాచారాల ప్రకారమే తీర్పులు చెబుతామని హామీ ఇచ్చింది. ఆ ఆచారాన్ని ఫ్రెంచి న్యాయస్థానాల్లో 'మామూలు' అనే పిలిచేవారు. మన మాటే. ఇప్పుడు మనం ఆ మాటను ఆఫీసుల్లో బల్ల కింద ఇచ్చే డబ్బుకు వాడుతున్నాం. రెండు అర్థాలకూ మధ్య పెద్ద దూరమేమీ లేదనిపిస్తుంది నాకు. పైనున్న పాలకుడూ ఇంట్లో ఉన్న పెద్దమగాడూ ఒకరి జోలికి ఒకరు రాకుండా కుదుర్చుకున్న ఒడంబడికే కదా రెండూ! వీధిలో స్వేచ్ఛ రిపబ్లిక్కుది, గడప లోపలి స్వేచ్ఛ తండ్రిది. ఆ రెండో స్వేచ్ఛను వాడుకోవడానికే పెళ్ళివారు గోదావరి దాటారు.

సాహిత్యం చదువుకున్నవాళ్ళకు ఒక దురలవాటు ఉంటుంది. చట్టాన్ని కూడా వాక్యం వాక్యంగా, ఎవరు కర్త, ఎవరు కర్మ అని చూస్తూ చదువుతాం. యానాం కథలో అలా చదవదగ్గ కాగితాలు రెండున్నాయి.

మొదటిది 1881 సెప్టెంబర్ 21 డిక్రీ. ఫ్రెంచిండియాలో ఉన్నవాళ్ళెవరైనా తమ కులాచార న్యాయాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి మారిపోవచ్చని అది చెప్పింది. మారినవాళ్ళు ఒక ఇంటిపేరు పెట్టుకోవాలి, మళ్ళీ వెనక్కి పోవడానికి వీల్లేదు. ఈ డిక్రీని తేలిగ్గా తీసిపారెయ్యలేను. పొన్నుతంబి పిళ్ళై అనే వకీలు 1873లో బూట్లు వేసుకుని కోర్టుకు వచ్చినందుకు అడ్డుకున్నారు. యూరోపియన్లకు బూట్లు, దేశీయులకు చెప్పులు, అదీ నియమం. ఆయన ఆ అవమానం మీద పోరాడాడు, తర్వాత ఆచార న్యాయాన్ని వదులుకున్నవాళ్ళలో ముందు నిలిచాడు. పుదుచ్చేరిలో కింది కులాలవాళ్ళూ క్రైస్తవులూ ఎంతోమంది ఈ తలుపులోంచి నడిచారు. కులం పేరు చెప్పకుండా ఒక ఇంటిపేరు పెట్టుకోవడం ఎంత పెద్ద విషయమో, మా ఇళ్ళలోలాగా ఇంటిపేరు చెప్పుకుని గర్వపడేవాళ్ళకు అర్థం కాదు. సమానత్వమన్న మాట వట్టి బూటకమే అయితే మనుషులు దానికోసం తమ పేర్లు మార్చుకోరు.

అయితే ఆ డిక్రీ మొదటి వాక్యం చూడండి. 21 ఏళ్ళు నిండిన స్త్రీలూ పురుషులూ ఇద్దరూ మారవచ్చంటుంది. ఆ కాలానికి ఎంత మంచి మాట! వెంటనే, అలా మారినవాళ్ళకూ, వాళ్ళ భార్యలకూ, మైనరు పిల్లలకూ ఫ్రెంచి చట్టాలు వర్తిస్తాయంటుంది. వ్యాకరణం దగ్గరే పట్టుబడిపోయింది చూశారా. స్త్రీ కర్తగా మొదలై అర వాక్యం తిరక్కుండానే భర్త వెనకాల సామాన్లలో చేరింది. భర్త నిర్ణయించుకుంటే భార్య న్యాయం మారిపోతుంది. భార్య నిర్ణయించుకుంటే భర్తకేమవుతుందో వాక్యం చెప్పదు. అలాంటి భార్య ఉంటుందని ఊహించి ఉండరు.

అదే 1881లో, మూడు నెలలు తిరక్కుండా డిసెంబర్ 11న, ఇదే గోదావరికి ఎగువన రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఒకే నది మీద ఒకే ఏడాది. ఒకచోట చట్టం ఆచారాన్ని వదులుకునే వీలిచ్చింది, మరోచోట మనుషులు ఆచారాన్ని ఎదిరించి రాళ్ళదెబ్బలకు సిద్ధపడ్డారు. యాభై ఏళ్ళు గడిచేసరికి రాజమండ్రి వైపు నుంచి పిల్లల్ని యానాం తీసుకెళ్ళి పెళ్ళిళ్ళు చేస్తున్నారు. దేశాల ఆదర్శాలు ఎప్పుడూ ముందుకే నడుస్తాయని నమ్మేవాళ్ళు మా నది ఒడ్డున కాసేపు నిలబడాలి.

రెండో కాగితం విలీనానిది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు యానాన్ని స్వాధీనం చేసుకున్నారు. ఆ అక్టోబర్ 18న కీళూరులో ప్రజాప్రతినిధుల చేత ఓట్లు వేయించారు. 178 మందిలో 170 మంది భారతదేశంలో కలవాలన్నారు. మామూలు జనాన్ని నేరుగా అడగలేదు. నవంబర్ 1న పుదుచ్చేరి, కారైకాల్ కూడా చేతులు మారాయి. 1956 మే 28న రెండు దేశాలూ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఫ్రెంచి పార్లమెంటు దాన్ని ఆమోదించడానికి ఆరేళ్ళు పట్టింది, 1962 ఆగస్టు 16న గాని అమల్లోకి రాలేదు. అందుకే పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఆగస్టు 15 మర్నాడు మరో పండగ.

జాతీయత ఎలా తేలుతుందో ఆ ఒప్పందం చెబుతుంది. అక్కడే పుట్టి, అమలు తేదీనాటికి అక్కడే కాపురమున్నవాళ్ళు భారతీయులవుతారు. కాదు, ఫ్రెంచివాళ్ళుగానే ఉంటామంటే ఆరు నెలల్లోగా రాసివ్వాలి. విదేశాల్లో కాపురమున్నవాళ్ళు మాత్రం ఫ్రెంచి జాతీయులుగానే ఉండిపోతారు. మొత్తం ప్రాంతంలో సుమారు అయిదు వేల మంది ఫ్రెంచి జాతీయత కోరుకున్నారు. నా కళ్ళు ఆగిపోయింది ఆ తర్వాతి అంశం దగ్గర. 18 ఏళ్ళ లోపు పెళ్ళికాని పిల్లల జాతీయతను తండ్రి ప్రకటన నిర్ణయిస్తుంది. తండ్రి చనిపోతే తల్లి, ఇద్దరూ లేకపోతే సంరక్షకుడు. అయితే 16 ఏళ్ళు దాటిన, పెళ్ళయిన మగపిల్లలు తమ దేశాన్ని తామే ఎంచుకోవచ్చు.

పెళ్ళయిన మగపిల్లలు! రెండు రిపబ్లిక్కుల న్యాయకోవిదులు కూర్చుని, వాక్యం వాక్యం బేరమాడి రాసుకున్న కాగితం ఇది. పదహారేళ్ళ మగపిల్లవాడికి పెళ్ళయితే దేశాన్ని ఎంచుకునేంత బుద్ధి వస్తుంది. మరి అతని పక్కన పీటల మీద కూర్చున్న పిల్లకు? పెళ్ళయింది కాబట్టి ఆమె పెళ్ళికాని పిల్లల లెక్కలోకి రాదు. ఆడది కాబట్టి ఎంచుకునేవాళ్ళ లెక్కలోకీ రాదు. తండ్రి ప్రకటన ఆమె పేరు మొయ్యదు, తన ప్రకటన తాను చెయ్యలేదు. యానాంలో పదమూడు, పధ్నాలుగేళ్ళకే పెళ్ళిళ్ళవుతున్న కాలం అది. ఆ వయసు పిల్లలే సరిగ్గా ఆ వాక్యం సందులో పడిపోయారు. ఎవరో కావాలని చేశారని నేననను. కావాలని చేస్తే బాగుండును, దెబ్బలాడవచ్చు. ఆ పిల్ల ఎవరికీ గుర్తు రాలేదు.

ఫ్రాన్సును ఒక్కదాన్నే నిలబెట్టి అడగడం న్యాయం కాదు. ఆ దేశంలో స్త్రీల హక్కుల ప్రకటన రాసిన ఒలాంప్ ద గూజ్‌ను 1793లో గిలటిన్‌కు పంపారు. స్త్రీలకు ఓటు హక్కునిచ్చే శాసనం 1944లో గాని రాలేదు. ఫ్రెంచిండియా మగవాళ్ళేమో 1871 నుంచే పారిస్‌కు ప్రతినిధిని పంపుతున్నారు! 1927 దాకా విదేశీయుణ్ణి పెళ్ళాడిన ఫ్రెంచి స్త్రీ జాతీయతే పోగొట్టుకునేది. మన సంగతి చూద్దాం. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం విదేశంలో పుట్టిన బిడ్డకు భారత పౌరసత్వం తండ్రి నుంచి మాత్రమే వచ్చేది. తల్లి నుంచి కూడా రావచ్చని సవరించుకునేసరికి 1992 వచ్చింది. రాజ్యాంగం వచ్చిన నలభై రెండేళ్ళకు!

రాజ్యాంగం గురించి మాట్లాడేటప్పుడు నాకు కాకినాడ గుర్తొస్తుంది. యానానికి 30 కిలోమీటర్ల లోపే. అక్కడ పెరిగిన దుర్గాబాయికి ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు, మా అమ్మమ్మకు చేసిన వయసులోనే. పెద్దయ్యాక ఆమె ఆ పెళ్ళిని కాదనుకుంది. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో వాలంటీరుగా ఉండి, టిక్కెట్టు లేదని నెహ్రూనే గుమ్మం దగ్గర ఆపింది. ఆ తర్వాత రాజ్యాంగసభలో కూర్చుంది. ఆ సభలో ఉన్న స్త్రీలు పదిహేను మంది. మన ప్రవేశికలో కూడా స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం ఉన్నాయి. నెహ్రూ 1946 డిసెంబర్‌లో పెట్టిన లక్ష్యాల తీర్మానంలో మూడోది లేదు. అంబేద్కర్ అధ్యక్షత వహించిన ముసాయిదా సంఘం దాన్ని చేర్చింది. ఆ మూడు మాటలూ ఫ్రెంచి విప్లవం నుంచి తెచ్చుకున్నవి కావనీ, తన గురువు బుద్ధుడి బోధ నుంచి తీసుకున్నవనీ ఆయన 1954 అక్టోబర్‌లో రేడియో ప్రసంగంలో చెప్పారు. యానాం ఫ్రెంచి చేతుల్లోంచి జారిపోయిన ఏడాదే ఆ మాటలు కూడా ఫ్రెంచివి కావని తేలడం నాకు నచ్చుతుంది.

సౌభ్రాతృత్వంలో భ్రాత ఉన్నాడు. ఫ్రెంచి మాటలోనూ అన్నదమ్ముడే. అక్కచెల్లెళ్ళ మధ్య ఉండేదానికి మనకు అలాంటి గంభీరమైన మాట లేదు. మాట లేనంత మాత్రాన అది లేదనీ కాదు. అయినా మాటలు మార్చేస్తే సరిపోతుందనుకునే వయసు నాకు దాటిపోయింది.

మొదటి సార్వత్రిక ఎన్నికలకు జాబితాలు రాస్తున్నప్పుడు దేశంలో దాదాపు 28 లక్షల మంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్యను, ఫలానావాడి తల్లిని అనే చెప్పారు. అలాంటి పేర్లను ఎన్నికల సంఘం కొట్టేయించింది. ఉత్తరాది రాష్ట్రాల్లోనే ఇది ఎక్కువ. మా ఊళ్ళోనూ పేర్లు రాసుకునే మనిషి వచ్చినప్పుడు, అమ్మమ్మ మామగారు అరుగు మీదనుంచే "మా రెండో కోడలు" అని చెప్పారట. ఆ మనిషి ఓపిగ్గలవాడు. పేరు కావాలండీ అని మళ్ళీ అడిగాడు. ఆయనకు కోడలి పేరు తెలీక లోపలికి కేకేసి కనుక్కున్నారు. "మా మావగారు నా పేరు పలకడం అదే మొదలు, అదే ఆఖరు" అని నవ్వేది అమ్మమ్మ. ఆ నవ్వులో గర్వం ఉండేది. యానాం పెళ్ళి గురించి చెప్పినప్పుడు లేని గర్వం. పుస్తకాలు చదివి నేను రిపబ్లిక్కంటే ఏమిటో నేర్చుకున్నాను గాని, అరుగు మీదికి వచ్చి రెండోసారి అడిగిన ఆ గుమస్తా కంటే మంచి నిర్వచనం దొరకలేదు.

ఇదంతా పాత గొడవ అనుకునేవాళ్ళు అస్సాం వైపు చూడాలి. 2019 ఆగస్టు 31న వెలువడిన జాతీయ పౌర జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు. తాను ఫలానావాడి కూతుర్నని రుజువు చేసుకోవడం చిన్నప్పుడే పెళ్ళయి వేరే ఊరికి పోయిన, బడి ముఖం చూడని స్త్రీలకు ఎంత కష్టమైందో అప్పట్లో పత్రికల్లో చదివాం. పుట్టింటి కాగితాల్లో పెళ్ళికి ముందే పేరు ఆగిపోతుంది, అత్తింటి కాగితాల్లో పెళ్ళి తర్వాతే మొదలవుతుంది. మధ్యలో ఆమె ఆమేనని చెప్పే కాగితం ఉండదు.

యానాం ఇప్పుడు ఫెర్రీ రోడ్డుతో, గౌతమి గట్టున విగ్రహాలతో చూడముచ్చటగా ఉంటుంది. గట్టున భరతమాత విగ్రహం కూడా ఉంది. ఫ్రాన్సు తన రిపబ్లిక్కును మరియాన్ అనే స్త్రీగా బొమ్మ గీసుకుంటుంది. దేశాన్ని ఆడదానిగా నిలబెట్టి మొక్కడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. 2002లో ఎదుర్లంక వంతెన పడ్డాక మా అమ్మమ్మ నిద్రపోతూ దాటిన నదిని బస్సులో దాటడానికి నిమిషాలు చాలు.

ఆ వంతెన మీదుగానే వెళ్ళి ఒక మామ్మగారిని కలిశాను. ఎనభై దాటాయి. భర్త ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పోయాడు, వితంతు పింఛను వస్తుంది. మావగారు ఎప్పుడో ఆచారాన్ని వదులుకుని కోడ్ కిందికి మారినవాడు. 1953లో గోదావరికి పెద్ద వరద వచ్చి తీశాక పెళ్ళయిందట. అప్పటికి ఆమెకు పన్నెండేళ్ళు. ఫ్రెంచి కోడ్ ప్రకారం ఆడపిల్లకు 15 నిండాలి. (ఫ్రాన్సులో ఆ పదిహేను పద్ధెనిమిదైంది 2006లోనే.) గుమస్తా వయసెంతని అడిగితే మావగారు పదిహేనన్నారు. "కాగితం మీద నేను మూడేళ్ళు పెద్దదాన్నమ్మాయ్" అంది మామ్మగారు. 1962లో ఆయన దూరదేశంలో ఉన్నాడు కాబట్టి ఫ్రెంచివాడిగానే ఉండిపోయాడు. ఆమె ఇక్కడే ఉంది కాబట్టి భారతీయురాలైంది. ఆరు నెలల గడువు సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. "ఆయనా పిల్లలూ అందరూ ఫ్రెంచివాళ్ళు. ఇంట్లో నేనొక్కదాన్నే ఇండియా" అంది. బాధేమీ లేదు ఆ గొంతులో. ఎవరికి ఏ కూర పడదో చెప్పినట్టు చెప్పింది.

ఆ ఏడాది కాగితం వచ్చి ఉంది, చదివిపెట్టమంది. తాను బతికే ఉన్నట్టూ, మళ్ళీ పెళ్ళి చేసుకోనట్టూ రాసి పంపాలి. రెండో ముక్క చదివి చెబితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. ఏటేటా అడుగుతారట, ఏటేటా నవ్వొస్తుందట. తర్వాత కళ్ళజోడు తుడుచుకుని, పెన్ను తీసుకుని, గీత మీద కాస్త వంకరగా తెలుగులో తన పేరు రాసింది. తెలుగు సంతకం తీసుకుంటారా మామ్మగారూ అని అడిగాను.

"తీసుకోకేం? ఇరవయ్యేళ్ళ నుంచీ తీసుకుంటున్నారు" అని, కాగితం మడిచి కవరులో పెట్టడానికి నా చేతికిచ్చింది.